ఐస్ హాకీ గోలీ స్టిక్: ఊపడం కన్నా నిలపడం ఎందుకు కష్టం?

సంక్షిప్తంగా: ఐస్ హాకీ గోల్‌కీపర్ (గోలీ) చేతిలోని స్టిక్‌కు మొదటి పని కాళ్ల మధ్య ఖాళీని మూసి ఉంచడం, రెండవ పని తగిలిన పక్‌ను, అంటే బంతి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్లను, ఆటస్థలంలో ప్రమాదం లేని మూలకు మళ్లించడం. కొట్టడం ఆ తర్వాతి సంగతి. స్టిక్ వాడకంలో కనిపించే లోపాల్లో చాలావాటికి మూలం మణికట్టులో కాక మోచేతిలో, మోకాళ్ల వంపులో, చూపులో ఉంటుంది. అందుకే మంచు లేని హైదరాబాద్‌లో కూడా ఈ నైపుణ్యంలో చెప్పుకోదగ్గ భాగాన్ని నేల మీదే అభ్యసించవచ్చు. జారుతూ కదిలే భాగానికి మాత్రం రింక్, అంటే మంచు పరచిన ఆటస్థలం తప్పదు.

మైదానపు హాకీ కళ్లతో చూసినప్పుడు

హైదరాబాద్‌లో హాకీ అనగానే గుర్తుకొచ్చేది టర్ఫ్ మీద ఆడే ఆటే. 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లలో ఆడిన ముకేశ్ కుమార్ ఈ నగరం వాడు. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో ప్రత్యేకంగా హాకీ స్టేడియం వెలిసింది. గోల్‌కీపర్ అంటే టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లలో కాంస్యాలు గెలిచిన జట్లకు గోల్ కాచిన శ్రీజేశ్ రూపమే ఇక్కడి ప్రేక్షకుల మనసులో ఉంటుంది. ఇటీవల పరిస్థితి కొంత మారింది. 2025లో భారత మహిళల ఐస్ హాకీ జట్టు ఆసియా కప్‌లో కాంస్యం గెలవడంతో ఆ ఆట పేరు వార్తల్లోకి వచ్చింది. డల్లాస్‌లోనో టొరంటోలోనో ఉంటున్న మనవడు రింక్‌లో ఆడుతుంటే ఇక్కడ వీడియోలో చూసే తాతయ్యలకు ఒక సందేహం సహజంగానే వస్తుంది: చేతిలో అంత వెడల్పాటి కర్ర పెట్టుకొని కూడా గోలీ దాన్ని ఊపడేమిటి?

రెండు ఆటల కొలతలను పక్కపక్కన పెడితే ఈ సందేహం చాలావరకు తీరుతుంది. మైదానపు హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు కాగా, ఐస్ హాకీ పక్ బరువు 156 నుంచి 170 గ్రాములు. బరువులో దాదాపు సమానమైన ఈ రెండు వస్తువులు దూసుకువెళ్లే గోల్‌లు మాత్రం సమానం కావు. మైదానపు హాకీ గోల్ 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు ఉంటే, ఐస్ హాకీ గోల్ వెడల్పు 1.83 మీటర్లు, ఎత్తు 1.22 మీటర్లు మాత్రమే. వైశాల్యంలో చూస్తే మొదటిది రెండవదానికి మూడున్నర రెట్లు. పెద్ద గోల్‌ను కాచేవాడు బంతి వైపు దూకాలి, కాలితో తన్నాలి, స్టిక్ చాచి అందుకోవాలి. చిన్న గోల్‌ను కాచేవాడు తన శరీరంతో, ప్యాడ్‌లతో దాన్ని ముందే నింపేసి, మిగిలిన చిన్న చిన్న సందులను మూసుకుంటూ పోవాలి. ఆ సందుల్లో గోల్ నాలుగు మూలలను ఒకటి నుంచి నాలుగు వరకు లెక్కిస్తే, కాళ్ల మధ్య ఖాళీ ఐదవది. ఫైవ్ హోల్ అన్న పేరు అలా వచ్చిందే. ఆ ఐదవ సందుకు తలుపు స్టిక్ బ్లేడు. ఎవరో తలుపు తట్టినప్పుడల్లా తలుపును ఊడదీసి ఊపేవాడు ఇల్లు కాయలేడు కదా.

అయిదో వంతు సెకనులో ఏం జరుగుతుంది

గోల్‌కు ఆరు మీటర్ల దూరం నుంచి గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వదిలిన పక్ గోలీని చేరడానికి 0.2 సెకను పడుతుంది. మనిషి కన్ను ఒక కదలికను పసిగట్టి, చేయి స్పందించడం మొదలుపెట్టడానికి పట్టే కాలం కూడా ఇంచుమించు అంతే. అంటే దగ్గరి నుంచి వచ్చే షాట్‌కు గోలీ కదలడం మొదలుపెట్టేసరికే పక్ వచ్చి చేరిపోతుంది. దాడి జరిగే భాగానికి హద్దుగా మంచు మీద గీసిన బ్లూ లైన్ దగ్గరి నుంచి, అంటే సుమారు 18 మీటర్ల దూరం నుంచి గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వచ్చే షాట్‌కు 0.45 సెకను దొరుకుతుంది గానీ, దారిలో అడ్డుగా నిలిచే ఆటగాళ్లు అందులో సగం కాలాన్ని కనపడకుండా మింగేస్తారు. ఉత్తర అమెరికా వృత్తి ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ 2012 నైపుణ్య పోటీల్లో జ్డెనో చారా అనే ఆటగాడు కొట్టిన షాట్ గంటకు 175 కిలోమీటర్లు దాటిందంటే పై అంకెలు మరీ గరిష్ఠమైనవి కావని అర్థమవుతుంది.

ఈ లెక్క నుంచి తేలేదేమిటంటే, దగ్గరి షాట్ల విషయంలో స్టిక్ ఎంత వేగంగా కదిలిందన్నది ముఖ్యం కాదు, షాట్ వెలువడే క్షణానికి అది ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. స్టిక్ నైపుణ్యం పెంచుకోవాలనుకునే కొత్త గోలీలు చేతివేగం మీద వెచ్చించే శ్రమలో ఎక్కువ భాగం అందుకే వృథా అవుతుంది.

వైపర్, బ్లేడు, లై

గోలీ స్టిక్‌లో మూడు భాగాలు ఉంటాయి. మంచు మీద ఆనేది బ్లేడు. దాని పైన వెడల్పుగా సాగేది ప్యాడిల్. ఆ పైన సన్నని కాడ షాఫ్ట్. ఎన్‌హెచ్‌ఎల్ నిబంధనల ప్రకారం బ్లేడు పొడవు 15.5 అంగుళాలు, అంటే దాదాపు 39 సెంటీమీటర్లు మించకూడదు. ప్యాడిల్, షాఫ్ట్ కలిసే చోట బ్లాకర్ అనే పలక లాంటి గ్లవ్ తొడిగిన చేతితో పట్టుకోవాలి. ఎక్కువమంది గోలీలకు అది కుడి చేయి. చూపుడు వేలిని ప్యాడిల్ వెంబడి కిందికి చాచి, మిగిలిన వేళ్లతో చుట్టి పట్టడం చాలామంది అలవాటు. పట్టు గట్టిగా బిగిస్తే మణికట్టు బిగుసుకుపోతుంది. మరీ వదులైతే పక్ తగలగానే బ్లేడు తిరిగిపోతుంది.

బ్లేడుకూ షాఫ్ట్‌కూ మధ్య ఉండే కోణాన్ని లై అంటారు. దాన్ని ఒక సంఖ్యతో సూచిస్తారు. సంఖ్య పెరిగేకొద్దీ స్టిక్ నిటారుగా నిలుస్తుంది. ఇది దుకాణంలో పట్టించుకునే వివరంలా కనిపించినా, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఇల్లు కడిగిన తర్వాత వైపర్‌తో నీళ్లు తోసినవారికి దీన్ని వేరే వివరించనక్కరలేదు. వైపర్ కర్రను ఏ పక్కకు ఎక్కువగా వంచినా రబ్బరు ఒక కొస లేచి, నీళ్లు దాని కింద నుంచి జారిపోతాయి. గోలీ చేయి పైకి లేచి స్టిక్ నిటారైతే బ్లేడు మడమ వైపు, అంటే ప్యాడిల్ కలిసే వైపు, మంచును వదిలేస్తుంది. చేయి దిగి పక్కకు వాలితే కొస లేస్తుంది. పక్ మందం 2.54 సెంటీమీటర్లు. బ్లేడు అంతకు మించి లేస్తే పక్ కింద నుంచి దూరిపోతుంది. అంతకు తక్కువగా లేచినా అంచుకు తగిలి ఎటు ఎగురుతుందో తెలియదు.

నిలబడినప్పుడు సరిగ్గా ఆనే బ్లేడు, మోకాళ్ల మీద దిగినప్పుడు కూడా అలాగే ఆనుతుందనుకోవడం పొరపాటు. ఈనాటి గోలీలలో అత్యధికులు వాడే బటర్‌ఫ్లై పద్ధతిలో మోకాళ్లు మంచుకు తాకి, పాదాలు రెండు పక్కలకు విచ్చుకుంటాయి. దాంతో చేయి ఒక్కసారిగా కిందికి వస్తుంది. చేతికీ బ్లేడుకూ మధ్య ప్యాడిల్ పొడవు మారదు కనుక స్టిక్ ఎటో ఒకవైపు వాలక తప్పదు. అది పక్కకు వాలితే కొస లేచి ఫైవ్ హోల్ తెరుచుకుంటుంది. చేతిని దేహానికి ముందుకు తెచ్చి బ్లేడును ఇంకా ముందుకు పంపితే వాలు గోలీ వైపు పడుతుంది, అడుగు అంచు మాత్రం మంచును వదలదు. మంచి గోలీలు రెండవ పని చేస్తారు. అది వారికి ఎంతగా అలవాటై ఉంటుందంటే, చూసేవారికి అసలు ఏమీ చేసినట్టే కనిపించదు.

ప్యాడిల్ పొడవు శరీరానికి సరిపోకపోతే ఎంత సాధన చేసినా ఈ లోపం పోదు. ఎదిగే పిల్లలకు రెండేళ్లు పనికొస్తుందని ఒక సైజు పెద్ద స్టిక్ కొనడం తల్లిదండ్రులకు పొదుపుగా తోస్తుంది. పొడవు ఎక్కువైన ప్యాడిల్ మోచేతిని ఎప్పుడూ పైకి నెడుతూ ఉంటుంది కాబట్టి, ఆ రెండేళ్లలో కుదిరిన తప్పుడు భంగిమను సరిదిద్దడానికి మరో రెండేళ్లు పట్టవచ్చు.

జానెడు దూరం

బ్లేడును స్కేట్లకు ఆనించి ఉంచితే ఖాళీ పూర్తిగా మూసుకుంటుందని మొదట్లో అనిపిస్తుంది. కానీ బ్లేడు పాదాలకు సుమారు జానెడు ముందుండాలన్నది శిక్షకులు సాధారణంగా చెప్పే మాట. దీనికి భౌతిక కారణం ఉంది. ముందున్న బ్లేడుకు పక్ తగిలినప్పుడు అది కొద్దిగా వెనక్కి జరిగి ఆ వేగాన్ని మింగుతుంది. గోడకు కొట్టిన బంతి తిరిగివచ్చే వేగానికీ, వేలాడే దుప్పటికి కొట్టిన బంతి తిరిగివచ్చే వేగానికీ ఉన్న తేడాయే ఇక్కడా కనిపిస్తుంది. స్కేటుకు ఆనుకున్న బ్లేడుకు వెనక్కి జరగడానికి చోటుండదు. పక్ గట్టిగా ఎగిరి నేరుగా ప్రత్యర్థి ముందుకే పోతుంది.

మరీ ముందుకు చాచడం కూడా ప్రమాదమే. అప్పుడు భుజం ముందుకు లాగబడుతుంది, బరువు వేళ్ల మీదికి పోతుంది, పక్కకు కదలడం ఆలస్యమవుతుంది.

క్యారమ్ బోర్డు చెప్పే లెక్క

పక్ మంచు మీద జారే తీరు పౌడర్ చల్లిన బోర్డు మీద క్యారమ్ కాయ జారే తీరును పోలి ఉంటుంది. అంచుకు ఏ కోణంలో తగిలితే అదే కోణంలో అవతలికి మళ్లుతుందన్నది క్యారమ్ ఆడేవారికి చెప్పకుండానే తెలిసిన సూత్రం. గోలీ బ్లేడు కూడా ఒక కదిలే అంచే. ఎదురుగా వచ్చే పక్‌కు బ్లేడును లంబంగా పెడితే అది వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. బ్లేడును 15 డిగ్రీలు తిప్పితే పక్ దారి 30 డిగ్రీలు మళ్లుతుంది, 30 డిగ్రీలు తిప్పితే 60 డిగ్రీలు. బ్లేడు పక్ వేగాన్ని కొంత మింగడం వల్ల, రాపిడి వల్ల నిజజీవితంలో ఈ లెక్క ఇంత కచ్చితంగా ఉండదు. అయినా చిన్న తిప్పుతో పెద్ద మళ్లింపు దొరుకుతుందన్న మూలసూత్రం మారదు. పక్‌ను మూలకు పంపడానికి బలంగా కొట్టనవసరం లేదు. పక్ తెచ్చుకున్న వేగమే దాన్ని మోసుకుపోతుంది.

తొలి షాట్‌ను ఆపిన తర్వాత గోల్ ముందు పడిన పక్‌ను ప్రత్యర్థి మళ్లీ కొట్టే అవకాశమే గోలీకి అసలు ముప్పు. ఆ సమయానికి గోలీ మోకాళ్ల మీద ఉంటాడు, ఒక పక్కకు ఒరిగి ఉంటాడు, గోల్‌లో సగం తెరిచి ఉంటుంది. అందువల్ల స్టిక్ నాణ్యతను ఆపిన షాట్ల లెక్కతో కొలవడం సరిపోదు. ఆపిన తర్వాత పక్ ఎక్కడికి వెళ్లిందన్నది కూడా చూడాలి. ఎన్ని షాట్లు ఆపారన్న గణాంకంలో ఈ తేడా కనబడదు.

బ్లాకర్ వైపు, అంటే కుడిచేతి వైపు తక్కువ ఎత్తులో వచ్చే పక్‌ను మళ్లించడం తేలిక. మణికట్టును బయటికి తిప్పితే చాలు. గ్లవ్ వైపు, అంటే పక్‌ను పట్టుకునే గ్లవ్ తొడిగిన ఎడమచేతి వైపు వచ్చేదే కష్టం. స్టిక్ పట్టిన కుడిచేయి దేహానికి అడ్డంగా ఎడమవైపుకు ప్రయాణించాలి. మోచేయి పక్కటెముకలకు అతుక్కొని ఉంటే చేయి సగం దారిలోనే ఆగిపోతుంది. మిగిలిన దూరాన్ని అందుకోవడానికి గోలీ మణికట్టు తిప్పుతాడు, దాంతో బ్లేడు కొస లేస్తుంది. చూసేవారు మణికట్టును తప్పుపడతారు గానీ, తప్పు మోచేతిది. మోచేతిని దేహం ముందుకు తెచ్చి ఉంచిన గోలీకి బ్లేడు తనంత తానే పాదాల ముందు ఒక వంపుగీత గీస్తూ పోతుంది. ఆ వంపులో ముందుకు సాగేకొద్దీ బ్లేడు కోణం కూడా మూల వైపుకు తిరుగుతుంది. వేరే ప్రయత్నం అక్కర్లేదు.

ఇందులో చూపు పాత్రను తరచూ మరచిపోతారు. పక్ బ్లేడును తాకే క్షణం వరకు, తాకిన తర్వాత కూడా తల దానితోపాటు తిరిగితే భుజాలు, చేయి ఆ వెంటే వస్తాయి. పక్ తాకకముందే చూపు తిరిగి షాట్ కొట్టినవాడి మీదికి వెళితే బ్లేడు ఆగిపోతుంది. స్టిక్ సరిగ్గా రావడం లేదని బాధపడే గోలీ వీడియోను నెమ్మదిగా నడిపి చూసుకుంటే, చాలాసార్లు మొదట దొరికే దోషం హెల్మెట్ దిశలోనే ఉంటుంది.

ముందుకు పొడవడం: పోక్ చెక్

పక్‌ను నడిపిస్తూ దగ్గరికి వచ్చే ఆటగాడి స్టిక్ మీది నుంచి దాన్ని పొడిచి తప్పించడాన్ని పోక్ చెక్ అంటారు. 1960లలో టొరంటో మేపుల్ లీఫ్స్‌కు ఆడిన జానీ బోవర్ దీనికి పేరుపడ్డాడు. చేతిని వదులు చేసి, షాఫ్ట్ బ్లాకర్‌లో జారుతూ ముందుకు పోయేలా వదిలి, చివరన టేపు చుట్టిన ముడి దగ్గర పట్టి ఆపడం ఇందులోని పద్ధతి. ఆ ముడి లేకపోతే స్టిక్ మొత్తం చేజారుతుంది.

ఇది విఫలమైతే నష్టం ఎక్కువ. బరువు ముందుకు పడుతుంది, ఫైవ్ హోల్ తెరుచుకుంటుంది, వెనక్కి రావడానికి సమయం ఉండదు. కాబట్టి ఆటగాడు తల దించిన క్షణమో, పక్‌ను ఒక పక్క నుంచి మరో పక్కకు మార్చుకునే క్షణమో చూసి, అందేంత దూరంలో ఉన్నప్పుడే చేయాలి. భుజం ముందు కదిలితే ప్రత్యర్థి పసిగట్టేస్తాడు. తరచూ చేసే గోలీ పోక్ చెక్ ఎవరినీ ఆశ్చర్యపరచదు.

హోల్ట్‌బీ ఆపిన పక్

స్టిక్ చేసిన ఘనకార్యాల గురించి మాట వచ్చినప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు దక్కే స్టాన్లీ కప్ కోసం 2018లో జరిగిన ఫైనల్ సిరీస్ రెండవ మ్యాచ్‌ను తప్పక తలుస్తారు. వాషింగ్టన్ క్యాపిటల్స్ 3-2 ఆధిక్యంలో ఉండగా, ఆట ముగియడానికి రెండు నిమిషాలకు కాస్త అటూఇటూగా, వేగాస్ ఆటగాడు అలెక్స్ టక్ దాదాపు ఖాళీగా కనిపించిన గోల్ వైపు పక్ కొట్టాడు. గోలీ బ్రేడెన్ హోల్ట్‌బీ అడ్డంగా పడుతూ చాచిన స్టిక్ ప్యాడిల్‌కు అది తగిలి ఆగింది. ఆధిక్యం నిలిచింది, సిరీస్ 1-1 అయింది, చివరికి కప్పు క్యాపిటల్స్‌కే దక్కింది.

దాన్ని అద్భుతమన్నవారే ఎక్కువ. అయితే స్టిక్‌ను గాలిలో ఊపి పక్‌ను వెతికిన కదలిక కాదది. దేహం చేరలేని చోటికి ప్యాడిల్ వెడల్పును అడ్డుగోడలా ముందే పరచడం వల్ల జరిగింది. అదృష్టం పాలు లేదని ఎవరూ అనరు గానీ, పరచిన గోడకే అదృష్టం కలిసివస్తుంది.

పక్ ఆడే గోలీలు, దానికి పడిన హద్దు

ఆపడంతో స్టిక్ పని ముగియదు. 1950లలో జాక్ ప్లాంట్ గోల్ వదిలి వెనక్కి వెళ్లి పక్‌ను ఆపి సహచరులకు అందించడం అలవాటుగా మార్చాడు. 1987 డిసెంబరులో రాన్ హెక్స్‌టాల్ ఖాళీగా ఉన్న ప్రత్యర్థి గోల్‌లోకి పక్ కొట్టి, ఎన్‌హెచ్‌ఎల్‌లో స్వయంగా షాట్ కొట్టి గోల్ చేసిన తొలి గోలీ అయ్యాడు. మార్టిన్ బ్రోడర్ ఈ విద్యలో ఎంత ఆరితేరాడంటే, 2005-06 సీజన్ నుంచి గోల్ వెనుక గోలీ పక్ తాకగల చోటును ఒక ట్రాపిజాయిడ్ గీతకు పరిమితం చేసిన నిబంధనకు అభిమానులు అతని పేరే పెట్టారు. గ్లవ్ చేతిని షాఫ్ట్ మీద పైనుంచి బోర్లించి పట్టే పట్టుకు మార్టీ టర్కో పేరు వచ్చింది. వీటిని నేర్చుకోవడం అవసరమే అయినా, బ్లేడు మంచును వదలకుండా ఉంచడం రాని గోలీకి ఇవి తొందర.

హైదరాబాద్‌లో ఏది సాధ్యం

ట్యాంక్‌బండ్ దిగువన 2004లో మొదలైన స్నో వరల్డ్ మంచులో ఆడుకునే వినోదస్థలం, హాకీ మ్యాచ్‌కు సరిపడే రింక్ కాదు. దేశంలో ఈ ఆటకు పుట్టిల్లు లాంటి లద్దాఖ్‌లో సహజమైన మంచు శీతకాలపు కొద్ది వారాలే నిలుస్తుంది. గురుగ్రామ్, దెహ్రాదూన్‌లలో లోపలి రింక్‌లు ఉన్నాయి. హైదరాబాద్ కుర్రాడికి అవన్నీ ప్రయాణం పెట్టుకోవలసినవే.

అయినా పైన చెప్పుకున్న వాటిలో లై, జానెడు దూరం, మోచేతి స్థానం, బ్లేడు తిప్పు, చూపు, ఇవేవీ మంచును అడగవు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోని నున్నని గ్రానైట్ గానీ, పాలిష్ పట్టిన తాండూరు బండలు గానీ సరిపోతాయి. నిలువుటద్దం ముందు నిలబడి, మోకాళ్ల మీదికి దిగి, మళ్లీ లేస్తూ బ్లేడు అడుగు అంచును గమనించడం మొదటి దశ. బ్లేడు కింద ఒక కాగితం ముక్క పెట్టి, దిగేటప్పుడు అది కదిలిపోకుండా నొక్కిపట్టగలిగితే అంచు ఆనినట్టు. తర్వాత పాదాల ముందు టేపుతో వంపుగీత అంటించి, దాని వెంబడి బ్లేడును రెండు వైపులా నడపాలి. ఆ పైన ఎవరైనా ఎదురుగా కూర్చొని టెన్నిస్ బంతులు నేలమీద దొర్లిస్తే, వాటిని రెండు మూలల్లో పెట్టిన బకెట్ల వైపు మళ్లించాలి. ఇవన్నీ గ్లవ్, బ్లాకర్ తొడుక్కొని చేయకపోతే ప్రయోజనం సగమే. బ్లాకర్ బరువుకు చేయి పడిపోయే తీరు ఖాళీ చేతితో తెలియదు.

పక్‌తో చేసేటప్పుడు ఒక చిన్న చిక్కుంది. ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లకు ముందు పక్‌లను గడ్డకట్టేంత చల్లబరుస్తారు. చల్లని రబ్బరు ఎగరదు కనుక చదునుగా జారుతుంది. మే నెల హైదరాబాద్ ఎండలో వేడెక్కిన పక్ గచ్చు మీద బంతిలా ఎగురుతుంది. దానితో నేర్చిన అంచనాలు రింక్‌లో పనికిరావు. కాసేపు ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టి తీసుకోవడం సులువైన ఉపాయం.

స్కేటింగ్ విషయంలో నగరానికి సొంత బలం ఉంది. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు గెలిచిన అనూప్ కుమార్ యామ హైదరాబాద్ వాడు. ఇందిరాపార్కులో రోలర్ స్కేటింగ్ రింక్ ఉంది. చక్రాల మీద పక్‌తో ఆడే ఇన్‌లైన్ హాకీ గోలీ కూడా ఐస్ హాకీ తరహా స్టిక్‌నే వాడతాడు. అక్కడ రాపిడి ఎక్కువ కావడంతో మోకాళ్ల మీద పక్కకు జారిపోవడం అంత సులువు కాదు. దేహం చేరలేని దూరాన్ని స్టిక్ పూడ్చవలసి వస్తుంది. ఆ కారణంగా ఇన్‌లైన్ నుంచి వచ్చిన గోలీకి బ్లేడు మీద శ్రద్ధ ఎక్కువగా ఉండే వీలుంది. అదే సమయంలో, జారగలిగిన చోట కూడా జారకుండా చేయి చాచే అలవాటు వెంట వచ్చే ప్రమాదమూ ఉంది.

నేల నేర్పలేనిది ఆ జారడమే. మంచు మీద గోలీ ఒక కాలితో నెట్టి పక్కకు సాగినప్పుడు, బ్యాలెన్స్ కోసం చేతులు తమంతట తాము పైకి లేస్తాయి. చేయి లేస్తే బ్లేడు లేస్తుంది. నిశ్చలంగా ఉన్నప్పుడు ఎంత చక్కగా ఆనిన బ్లేడైనా సరిగ్గా ఈ కదలికలోనే మంచును వదిలేస్తుంది, ప్రత్యర్థి అడ్డంగా పాస్ ఇచ్చి కొట్టే షాట్ కూడా సరిగ్గా అప్పుడే వస్తుంది. దూరం వెళ్లి రింక్‌లో కొద్ది గంటలు సంపాదించుకున్న గోలీ ఆ సమయాన్ని నేల మీద చేయగలిగిన వాటికి ఖర్చు చేయకుండా, ఆట కాసేపు సాగి స్కేట్లు గీకిన మంచు పొడి పేరుకున్నాక, గోల్ ఒక స్తంభం నుంచి మరో స్తంభానికి జారుతూ వెళ్లి వెనక్కి తిరిగి చూసుకోవచ్చు. బ్లేడు ఆ పొడిలో తుడిచిన చార ఎక్కడ తెగిందో, చేయి అక్కడ లేచింది.